పాత ఎస్టీమ్‌తో ట్రాక్‌ డే: విశాఖ నుంచి ఇరుంగాట్టుకోట్టై దాకా నా అనుభవం

భీమిలి బీచ్‌ రోడ్డు మీద తెల్లవారుజామున వేగం చూపించుకునే కుర్రకారునీ, అరకు ఘాట్‌లో ఎదురుగా వచ్చే లారీని లెక్కచేయకుండా మలుపు కోసే కార్లనీ చూడని వాళ్లు విశాఖపట్నంలో అరుదు. కారును దాని సత్తా ఉన్నంతవరకూ నడిపి చూడాలన్న కోరిక నాకూ ఏళ్లుగా ఉంది గానీ, దాన్ని పదిమంది తిరిగే రోడ్డు మీద తీర్చుకోవడం నాకెప్పుడూ సమ్మతం కాలేదు. అందుకు సరైన చోటు రేసు ట్రాక్‌ ఒక్కటే. అక్కడ రుసుము కట్టి, సొంత కారుతో, పందెం లేకుండా, అనుభవాన్ని బట్టి చేసిన జట్లలో ఒక్కో విడతకు పావుగంట నుంచి ఇరవై నిమిషాల చొప్పున నడుపుకొనే రోజునే ట్రాక్‌ డే అంటారు. బహుమతులు ఉండవు, గెలుపోటములు ఉండవు. ఇది డబ్బున్న వాళ్ల వ్యవహారమనీ, జర్మన్‌ కారు లేనిదే గేటు దగ్గరికి కూడా రానివ్వరనీ మా స్నేహితులు గట్టిగా నమ్మేవారు. లక్ష రూపాయల లోపు కొన్న పాత మారుతి ఎస్టీమ్‌ కారుతో వెళ్లివచ్చాక నేను చెప్పగలిగేది ఇది: పాత కారుతో మొదలుపెట్టేవాడు ఇంజిను బలం కోసం ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టనక్కరలేదు, పెట్టవలసిందంతా కారు ఆగడానికీ, వేడెక్కకుండా ఉండడానికీ, విడిభాగం ఏదీ ఊడిపోకుండా చూసుకోవడానికీ పెట్టాలి.

విశాఖలో రేసు ట్రాక్‌ లేదు. గ్రేటర్‌ నోయిడాలోని బుద్ధ్‌ సర్క్యూట్‌, అంటే 2011 నుంచి 2013 దాకా ఫార్ములా వన్‌ పోటీలు జరిగిన 5.125 కిలోమీటర్ల ట్రాక్‌, మనకు దూరాభారం. పైగా అంత పొడవైన సూటి దారుల్లో 85 గుర్రాల శక్తి ఉన్న ఎస్టీమ్‌ లాంటి కారు నీరసంగా కనిపిస్తుంది. కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్‌ స్పీడ్‌వే 2.1 కిలోమీటర్ల చిన్న ట్రాక్‌. చిన్న కార్లకు అది బాగుంటుందంటారు గానీ, మనకు అది చెన్నై దాటి మరో రోజు ప్రయాణం. మిగిలింది చెన్నై నుంచి బెంగళూరు వెళ్లే రహదారి మీద, శ్రీపెరుంబుదూరుకు ముందు వచ్చే ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాసు ఇంటర్నేషనల్‌ సర్క్యూట్‌. మద్రాసు మోటార్‌ స్పోర్ట్స్‌ క్లబ్బుకు చెందిన ఈ ట్రాక్‌ 1990లో మొదలైంది. చుట్టుకొలత సుమారు 3.7 కిలోమీటర్లు, మలుపులు పన్నెండు. అంతకుముందు మద్రాసు రేసులు షోళవరంలోని పాత విమానాల రన్‌వే మీద జరిగేవి. విశాఖ నుంచి చెన్నైకి పదహారో నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 800 కిలోమీటర్లు.

కారు విషయంలో ఎస్టీమ్‌, మొదటి తరాల హోండా సిటీ, ఫోర్డ్‌ ఐకాన్‌, మారుతి జెన్‌ నా పరిశీలనలోకి వచ్చాయి. హోండా సిటీ వీటెక్‌ ఇంజిను అద్భుతమైనదే గానీ, మంచి స్థితిలో ఉన్న కారు దొరికితే యజమాని దాన్ని నగలా చూసుకుంటూ ధర చెబుతున్నాడు. ఎస్టీమ్‌ను మారుతి 1994 నుంచి 2007 దాకా అమ్మింది. 1298 సీసీ ఇంజిను, 85 గుర్రాల శక్తి, దాదాపు 900 కిలోల బరువు, విడిభాగాలు ఇప్పటికీ గాజువాక ఆటోనగర్‌లో దొరికే వీలు. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్‌ లేదు, ఎయిర్‌బ్యాగులు లేవు. ఈ సంగతి మనసులో పెట్టుకునే ఎవరైనా నిర్ణయించుకోవాలి. కొనేటప్పుడు నేను ఒక నియమం పెట్టుకున్నాను: సముద్రానికి దగ్గరగా, లాసన్స్‌ బే, పెదవాల్తేరు వైపు ఆరుబయట నిలిచిన కారు వద్దు. ఉప్పుగాలి రంగు కింద చేసే పని పైకి కనిపించదు. జాకీ పెట్టే చోట్ల, సస్పెన్షన్‌ బిగించే చోట్ల, బ్రేకు పైపుల మీద కనిపిస్తుంది. స్టీల్‌ప్లాంట్‌ టౌన్‌షిప్‌లో షెడ్డు కింద పెరిగిన 2005 నాటి కారు, ఏపీ 31 నంబరుతో, విశ్రాంత ఉద్యోగి ఒకరి దగ్గర దొరికింది. పదిహేనేళ్లు దాటిన కారు కాబట్టి రిజిస్ట్రేషన్‌ పొడిగించారో లేదో చూసుకోవాలి. 2022 ఏప్రిల్‌లో కార్లకు ఆ రుసుమును 600 నుంచి 5000 రూపాయలకు పెంచారు కనుక, ఆ పని పూర్తయిన కారు కొనడమే లాభం.

కంచరపాలెంలో షెడ్డు నడిపే మేస్త్రి దగ్గరికి కారు తీసుకెళ్లి నా ఉద్దేశం చెప్పినప్పుడు ఆయన బానెట్‌ ఎత్తలేదు. ముందు చక్రం విప్పి, డిస్కు అంచు మీద గోరుతో గీసి, పైకి లేచిన గట్టును నాకు చూపించాడు. "ఇంజినుకి ఏటీ సెయ్యకండి బాబూ. అది పరిగెడతాది. ఆగుతాదో లేదో ముందు సూద్దాం" అన్నాడు. తర్వాత రిజర్వాయర్‌ మూత తీసి చిన్న సిరంజితో బ్రేక్‌ ఆయిల్‌ తీసి పారదర్శకమైన సీసాలో పోశాడు. కొత్తది లేత తేనెరంగులో ఉంటుంది. అందులోంచి వచ్చింది కాచి మరిచిపోయిన కాఫీ డికాక్షన్‌లా ఉంది.

బ్రేక్‌ ఆయిల్‌ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాత కారుతో ట్రాక్‌కు వెళ్లేవారికి అసలైన ప్రమాదం ఇక్కడే పొంచి ఉంటుంది. ఈ ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది; మన ఊరి లాంటి తేమగాలిలో ఏళ్ల తరబడి మార్చకుండా వదిలేస్తే దాని మరుగు స్థానం బాగా పడిపోతుంది. డాట్‌ 3 రకానికి ప్రమాణం ప్రకారం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్‌ ఉండవలసిన మరుగు స్థానం, తేమ పట్టాక 140 దాకా దిగవచ్చు. డాట్‌ 4కు ఆ అంకెలు 230, 155. వేగం రెట్టింపయితే బ్రేకులు మింగవలసిన శక్తి నాలుగు రెట్లవుతుంది కనుక, 120లో ఉన్న కారును ఆపడానికి 60లో ఉన్నదాన్ని ఆపడానికి పుట్టే వేడికి నాలుగింతల వేడి పుడుతుంది. ఆ వేడి ప్యాడ్ల గుండా, వాటిని డిస్కుకు నొక్కే కాలిపర్‌లోకి పాకి ద్రవాన్ని మరిగిస్తే అందులో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ద్రవం నొక్కుడుకు లొంగదు, ఆవిరి లొంగుతుంది. అందుకే పెడల్‌ నేలను తాకుతుంది, కారు మాత్రం సాగిపోతూనే ఉంటుంది. ఊళ్లో సిగ్నళ్ల మధ్య నడిపినంత కాలం బ్రేకులు బాగానే ఉన్నాయని అనిపించడం ఇందువల్లనే: అక్కడ వేడి ఆ స్థాయికి చేరే అవకాశమే లేదు.

కాబట్టి డాట్‌ 4 పోసి నాలుగు చక్రాల దగ్గరా బ్రేకు పైపుల్లో చిక్కిన గాలి తీయించాను. ముందు డిస్కులు, ప్యాడ్లు కొత్తవి, వెనక డ్రమ్ములకు కొత్త లైనర్లు, పగుళ్లు కనబడిన రబ్బరు గొట్టాలు నాలుగూ కొత్తవి వేయించాను. కొత్త ప్యాడ్లను డిస్కుకు కుదుర్చుకోవడానికి లంకెలపాలెం దాటాక ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10 దాకా మెల్లగా, పూర్తిగా ఆపకుండా, పలుమార్లు బ్రేకు వేసి చల్లారనిచ్చాను. పూర్తిగా ఆపి పెడల్‌ మీద కాలు ఉంచితే వేడి డిస్కు మీద ప్యాడు ముద్ర పడి తర్వాత అదురు వస్తుంది. ఈ పనులన్నిటికీ అయిన ఖర్చు, మా స్నేహితుడు తన కొత్త కారుకు కొన్న అల్లాయ్‌ చక్రాల ధర కంటే తక్కువ.

మిగతా పనులు అంత సుదీర్ఘమైనవి కావు. టైమింగ్‌ బెల్ట్‌ ఎప్పుడు మార్చారో పాత యజమాని పుస్తకంలో లేదు కనుక, వాటర్‌ పంపుతో కలిపి మార్పించాను. రేడియేటర్‌ను విప్పి కడిగించి, కొత్త కూలెంట్‌ పోయించాను. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో ఇథనాల్‌ 20 శాతం ఉంటోంది. ఈ కార్లు తయారైన కాలంలో అది లేదు కాబట్టి ఇంధనం వెళ్లే పాత రబ్బరు పైపులు మార్చడం మంచిదని మేస్త్రి అన్న మాట సబబుగా తోచింది. సస్పెన్షన్‌లోని లోయర్‌ ఆర్మ్‌ బుష్‌లు, బాల్‌ జాయింట్లు, ఇంకా వీల్‌ బేరింగులు చూపించి, చప్పుడు చేసినవి మార్పించాను. టైర్లకు గొప్ప బ్రాండు అక్కర్లేదు గానీ వయసు చూడాలి: పక్క గోడ మీద ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. గీతలు ఎంత లోతుగా ఉన్నా ఆరేళ్లు దాటిన రబ్బరు గట్టిపడిపోతుంది. నేను హెచ్‌ రేటింగు ఉన్నవి, అంటే 210 కిలోమీటర్ల వేగానికి తగినవి వేయించాను. ఎస్టీమ్‌ ఆ వేగాన్ని కలలో కూడా చూడదనేది వేరే విషయం.

సైలెన్సర్‌ మార్చమనీ, స్ప్రింగులు కోయించి కారును కిందికి దించమనీ సలహాలు ఇచ్చినవారికి కొదవలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ రిజిస్టరైన వాహనాన్ని తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా మార్చడాన్ని నిషేధిస్తుంది. అదే కారును రోడ్డు మీద చెన్నై దాకా నడిపించుకొని వెళ్లవలసిన వాడు అందులో వేలు పెట్టకపోవడం మేలు. ఇంకా ముఖ్యమైనది బీమా. మన దగ్గర మామూలు కారు పాలసీలో "వాడకానికి పరిమితులు" అన్న భాగంలో వ్యవస్థీకృత రేసులు, వేగ పరీక్షలు మొదలైనవాటికి పాలసీ వర్తించదని రాసి ఉంటుంది. ట్రాక్‌ మీద కారు గోడకు తగిలితే ఆ నష్టం మనదేనని అనుకోవాలి. పాత, చవక కారు ఎందుకన్న ప్రశ్నకు నా దృష్టిలో ఇంతకంటే సూటి సమాధానం లేదు: రేపు అది తుక్కు అయినా మన ఇంటి నెలవారీ లెక్క తలకిందులు కాదు.

ఏబీఎస్‌ లేని కారు కనుక చక్రాలు బిగుసుకోకుండా గట్టిగా బ్రేకు వేయడం ముందే అలవాటు చేసుకోవాలనుకున్నాను. ఆనందపురం వైపు మా చిన్నాన్నకు వాటా ఉన్న వెంచర్‌ ఒకటి ఉంది. రోడ్లు వేశారు, ప్లాట్లలో ఇళ్లు ఇంకా లేవలేదు. ఆయన అనుమతితో, గేటు వేయించి, ఖాళీ పెయింటు డబ్బాలు నిలబెట్టి అక్కడ సాధన చేశాను. 50 వేగంలో పెడల్‌ను పూర్తిగా తొక్కితే ముందు చక్రాలు బిగుసుకుపోతాయి. స్టీరింగ్‌ ఎంత తిప్పినా కారు సూటిగానే జారుతుంది. అదే పెడల్‌ను ఇంచుమించు ఒక కాగితం మందమంత వదిలితే చక్రం మళ్లీ తిరిగి, కారు మాట వింటుంది. ఆ కాగితం మందాన్ని కాలికి నేర్పడానికే ఆ ఉదయాలు సరిపోయాయి. "ప్లాట్లు కొనడానికి వచ్చినోళ్లు ఇది చూస్తే పారిపోతార్రా" అని చిన్నాన్న నవ్వాడు గానీ, గేటు దగ్గర కుర్చీ వేసుకుని ఎవరూ లోపలికి రాకుండా చూసింది ఆయనే.

మా పిన్ని కొడుకును తోడు తీసుకుని, తుని, విజయవాడ, ఒంగోలు, నెల్లూరు మీదుగా తొందర లేకుండా వెళ్లి, ముందు రోజు సాయంత్రానికే శ్రీపెరుంబుదూరులో గది తీసుకున్నాం. డిక్కీలో అదనపు ప్యాడ్ల సెట్టు, సీల్‌ తీయని బ్రేక్‌ ఆయిల్‌ డబ్బా, ఇంజిన్‌ ఆయిల్‌, గాలి కొలిచే గేజి, చిన్న పంపు, నట్లను కొలత ప్రకారం బిగించే టార్క్‌ రెంచి, రెండు చెక్క దిమ్మలు ఉన్నాయి. కారు నడవలేని స్థితికి వస్తే అక్కడే వదిలి రైలెక్కి రావాలన్న ఒప్పందం కూడా ఇద్దరి మధ్యా ఉంది.

ఉదయం మొదట తనిఖీ. బ్యాటరీ క్లాంపు కదిలించి చూశారు, లీకుల కోసం వంగి చూశారు, లాగడానికి కొక్కెం చూపించమన్నారు, సీటు బెల్టు గుంజి చూశారు. స్టెప్నీ, జాకీ, కాలి కింది మ్యాట్లు, డాష్‌బోర్డు మీది వినాయకుడు సహా లోపల వదులుగా ఉన్న ప్రతిదాన్నీ తీసి పక్కన పెట్టాలి. వినాయకుణ్ణి మా తమ్ముడు జేబులో పెట్టుకున్నాడు. నిండు చేతుల నూలు చొక్కా, బూట్లు, ముఖమంతా కప్పే హెల్మెట్‌ తప్పనిసరి. ఆ తర్వాత జరిగిన వివరణలో ఎక్కువ సమయం జెండాల మీదే గడిచింది: పసుపు జెండా కనిపిస్తే ముందు ప్రమాదం ఉంది, వేగం తగ్గించాలి, ఎవరినీ దాటకూడదు, ఎరుపు కనిపిస్తే విడత ఆగిపోయింది, నెమ్మదిగా పిట్‌లోకి, అంటే ట్రాక్‌ పక్కన కార్లు ఆగే చోటికి రావాలి, పసుపు మీద ఎర్ర చారలు ఉంటే దారి జారుతోందని అర్థం, నీలం ఊపితే వెనక వేగంగా వచ్చే కారు ఉంది, నల్ల జెండా మనకు చూపిస్తే పిట్‌కు వచ్చి ఎందుకో కనుక్కోవాలి. దాటడం సూటి దారుల్లో మాత్రమే, అదీ ముందున్నవాడు చేయి చూపి అనుమతిస్తేనే.

తొలి విడతలో శిక్షకుడు పక్కన కూర్చున్నాడు. తమిళం, ఇంగ్లిషు కలిపి ఆయన చెప్పినదాని సారం ఏమిటంటే, ముందున్న కారు వెనక అద్దాన్ని చూడడం మానేసి, బ్రేకు వేసే చోటు నుంచి మలుపు లోపలి అంచుకూ, అక్కడి నుంచి బయటికి వెళ్లే చోటుకూ చూపును ముందుగానే పంపాలి. చేతులు చూపును అనుసరిస్తాయి. బ్రేకు పని కారు సూటిగా ఉన్నప్పుడే చాలావరకు ముగించి, పెడల్‌ను క్రమంగా వదులుతూ తిప్పాలి. ముందు చక్రాలే లాగే కారులో ఆ రెండు టైర్లూ ఆపడం, తిప్పడం, లాగడం మూడూ చేయాలి. తిప్పుతుండగానే యాక్సిలరేటర్‌ తొక్కితే ముక్కు బయటికి కొట్టుకుపోతుంది, మలుపు మధ్యలో భయపడి కాలు ఒక్కసారిగా తీస్తే బరువు ముందుకు దూకి వెనక భాగం తేలికై జారుతుంది. ప్రధాన సూటి దారి చివర వచ్చే మొదటి మలుపుకు ముందు నా స్పీడోమీటరు 140 దగ్గర కనిపించేది. పెద్ద కార్లు అక్కడ నన్ను ఈగలా దాటిపోయేవి. బిగుతు మలుపుల్లో మాత్రం ఈ తేలిక కారు వాటిని వదలకుండా వెంటాడేది. బలం తక్కువ కావడం వల్ల ఒక మేలు ఉంది: మలుపులో పోగొట్టుకున్న వేగాన్ని ఇంజిను తిరిగి ఇవ్వలేదు కనుక, మలుపును శుభ్రంగా తీసుకోవడం తప్ప వేరే దారి ఉండదు.

ప్రతి విడతలో చివరి చుట్టు వేగం తగ్గించి, బ్రేకు దాదాపు తాకకుండా తిరిగి, గాలి తగిలేలా చేసి లోపలికి వచ్చేవాడిని. పిట్‌లో హ్యాండ్‌ బ్రేకు వేయకుండా గేరులో నిలిపి, చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టేవాళ్లం. అక్కడ చక్రం దగ్గర వంగితే వేడి ముఖానికి కొట్టేది. మాడిన రబ్బరు, వేడెక్కిన ప్యాడ్ల ఘాటు వాసన చొక్కాకు పట్టి గదికి వెళ్లాక కూడా పోలేదు. "అన్నయ్యా, నట్లు మళ్లీ చూడు" అని మా తమ్ముడు గుర్తుచేసేవాడు. వేడికీ చల్లదనానికీ చక్రాల నట్లు వదులయ్యే అవకాశం ఉంటుంది, ప్రతి విడత తర్వాతా రెంచితో చూసుకోవడం అక్కడ అందరూ పాటించే పద్ధతి.

టైర్ల సంగతిలో అక్కడ నేర్చుకున్న చిట్కా నాకు చాలా నచ్చింది. టైరు నేలను తాకే భాగం అంచు నుంచి పక్క గోడ మీదికి తెల్ల సుద్దతో మూడు చోట్ల గీతలు గీయాలి. విడత అయ్యాక సుద్ద ఎక్కడిదాకా చెరిగిపోయిందో చూస్తే, మలుపుల్లో టైరు ఎంతవరకు పక్కకు ఒరిగిందో తెలుస్తుంది. చాలా టైర్ల మీద ఆ హద్దును చూపే చిన్న త్రికోణం గుర్తు కూడా ఉంటుంది. నా కారులో మూడు టైర్ల మీద సుద్ద త్రికోణం దాకా చెరిగి ఆగింది, ముందు ఎడమదాని మీద దాన్ని దాటి అక్షరాల దాకా పోయింది. ట్రాక్‌ గడియారం ముల్లు తిరిగే దిశలో సాగుతుంది, కుడి మలుపులు ఎక్కువ, బరువంతా ముందు ఎడమ టైరు మీద పడుతుంది. అందులో రెండు పీఎస్‌ఐ గాలి పెంచితే తర్వాతి విడతలో సుద్ద హద్దులోనే నిలిచింది. పెట్రోలు ట్యాంకును సగానికి తగ్గకుండా ఉంచుకోవాలి, ఎందుకంటే పొడవాటి మలుపులో ఇంధనం ఒక పక్కకు చేరి పంపుకు అందకపోవచ్చు. ఇంజిన్‌ ఆయిల్‌ను కూడా అదే కారణంతో డిప్‌స్టిక్‌ పై గీత దగ్గరే ఉంచాను. ఊళ్లో లీటరుకు 13 కిలోమీటర్లు ఇచ్చే కారు అక్కడ 5 దాటలేదు.

మధ్యాహ్నం ఎండ ముదిరాక ఉష్ణోగ్రత ముల్లు సగం దాటి కదలడం మొదలుపెట్టింది. ఏసీ ఆపి, హీటరు పూర్తిగా తెరిస్తే అది రెండో చిన్న రేడియేటర్‌లా పనిచేసి ముల్లును దించుతుంది. చెన్నై ఎండలో హెల్మెట్‌ పెట్టుకుని హీటరు వేసుకున్నవాడి అవస్థ వేరే చెప్పనక్కరలేదు. ఆ విడతను అయిదారు చుట్లకే ముగించాను. అలసిపోయిన మనిషి బ్రేకు వేసే చోటు ఒక్కో చుట్టుకూ కొంచెం కొంచెం మలుపుకు దగ్గరగా జరుగుతుందని శిక్షకుడు ముందే హెచ్చరించాడు. చివరి విడతను వదులుకుని, ట్రాక్‌ పక్కన నిలబడి అనుభవజ్ఞులు అదే మలుపుల్లో ఎక్కడ బ్రేకు లైటు వెలిగిస్తున్నారో, ఎక్కడ ఆర్పుతున్నారో గమనించడం నాకు మరింత ఉపయోగపడింది.

తిరిగి వచ్చాక కంచరపాలెంలో చక్రాలు విప్పించాం. ముందు ప్యాడ్లు సగం కంటే ఎక్కువ అరిగాయి, అతిగా వేడెక్కితే డిస్కు మీద వచ్చే నీలి మచ్చలు లేవు, బ్రేక్‌ ఆయిల్‌ రంగు కొంచెం ముదిరింది. దాన్ని మార్పించి, ఇంజిన్‌ ఆయిల్‌, ఫిల్టరు కొత్తవి వేయించి, ముందు టైర్లను వెనక్కి మార్పించాను. కారును ఇప్పుడు రోజూ ఆఫీసుకు నడుపుతున్నాను. మేస్త్రి ఈసారి ఊరి ప్యాడ్ల కంటే ఎక్కువ వేడి తట్టుకునే రకం తెప్పిస్తానన్నాడు. వాటికి చల్లగా ఉన్నప్పుడు పట్టు తక్కువ, చప్పుడు ఎక్కువ, అందుకని ట్రాక్‌కు వెళ్లే ముందు వేసి వచ్చాక తీసేయాలి. చెన్నైలో ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరు దాకా ఉంటాయి, మార్చి దాటితే ఎండ భరించలేం. కాబట్టి సంక్రాంతి అయ్యాక, ఫిబ్రవరిలోపు వచ్చే తేదీ కోసం నిర్వాహకులకు పేరు ఇచ్చి ఉంచాను.